ఉప్పునీళ్ళ ఫోను

2024 అక్టోబరు 16, బుధవారం. బంగాళాఖాతంలో వాయుగుండం. బందరులో తెల్లవారుజాము నుంచి మబ్బు, పదిన్నరకి ఒక జల్లు, తూర్పుగాలి. అయినా ఉక్క తగ్గలేదు.

ఈ వివరాలన్నీ సామ్యేలు నోటుబుక్కులో ఉన్నాయి. టెలిఫోన్ల శాఖలో ముప్పై ఎనిమిదేళ్ళు లైన్‌మన్‌గా చేసినవాడికి వాన పడితే ఏ స్తంభం దగ్గర లైను గరగరలాడుతుందో ముందే తెలియాలి. అందుకని రోజూ వాతావరణం రాసుకునే అలవాటు పడింది. తర్వాత స్తంభాలు పోయాయి, రాగితీగ పోయింది, వెంట్రుకంత గాజుతీగ ఇంట్లోకి వచ్చింది, ఆయన రిటైరై కూడా తొమ్మిదేళ్ళు దాటింది. అలవాటు మాత్రం ఉండిపోయింది.

ఆ రోజు కూడా తొమ్మిది కొట్టేసరికి ఫోను మోగింది. వంటింట్లోంచి రూతు వచ్చి, ఫోను బల్ల మీద స్టీలు గిన్నె పెట్టి, "ఎత్తండి" అంది.

"హలో సార్, మీకు ఐదు లక్షల లోను అప్రూవ్ అయింది సార్, ఏ డాక్యుమెంటూ అక్కర్లేదు."

రిసీవరు మూతి చిల్లుల్లోంచి టప్ టప్‌మని నీళ్ళు గిన్నెలో పడ్డాయి. సామ్యేలు చిటికెనవేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు.

"అమ్మా, డాక్యుమెంట్లు ఎన్ని కావాలో నిజం చెప్పు."

అవతల అమ్మాయి నవ్వేసి, "ఆరు సార్" అంది. నీళ్ళు ఆగిపోయాయి.

ఆ ఫోను సంగతి కొంత చెప్పాలి. అది నల్లది, వేలు పెట్టి తిప్పే చక్రం ఉన్నది. 1977 నవంబరులో ఉప్పెన వచ్చిన నాలుగో రోజున, స్తంభాలు ఎత్తడానికి దివిసీమకి వెళ్ళిన గ్యాంగులో సామ్యేలు ఇరవై రెండేళ్ళ మజ్దూరు. అక్కడ ఏం చూశాడో ఎవరికీ చెప్పలేదు, రూతుకి కూడా. కూలిన పోస్టాఫీసు గోడ కింద ఈ ఫోను దొరికింది. సముద్రం కింద నానిన పరికరం పనికిరాదని శాఖవాళ్ళు రాసి పారేస్తే ఇంటికి తెచ్చుకున్నాడు. ఆరబెట్టి లైను కలిపితే మోగింది. అప్పట్నుంచీ దాంట్లో ఎవరు అబద్ధం చెప్పినా ఉప్పునీళ్ళు కారతాయి. గాజుతీగ వచ్చాక దాని చక్రం తిప్పితే నంబరు కలవడం మానేసింది గానీ, వచ్చే ఫోన్లు వస్తాయి, కారే నీళ్ళు కారతాయి.

ఎన్జీవో కాలనీలో ఎవరికీ ఇది వింత కాదు. పక్కవీధి బోర్లో ఉప్పునీళ్ళు వస్తాయి, ఈ వీధి ఫోన్లో వస్తాయి. పాతరోజుల్లో అయితే ఏడాది మొత్తానికీ ఒక గ్లాసుడు వచ్చేవి. ఇంట్లో కూర్చునే "బయల్దేరాం, దారిలో ఉన్నాం" అనే చుట్టాల తాలూకు నీళ్ళు అవి. సెల్‌ఫోన్లు వచ్చాక, ఈ లోన్లవాళ్ళూ, కార్డులవాళ్ళూ, లాటరీలవాళ్ళూ బయల్దేరాక, గిన్నె చాలక రూతు తపేలా పెట్టే రోజులొచ్చాయి. కాలనీలో ఎవరికి ఏ అనుమానపు ఫోను వచ్చినా "మా ఇంటి ఫోనుకి చెయ్యండి" అని సామ్యేలు నంబరు ఇస్తారు. అరగంటాగి గోడ మీంచి తొంగిచూసి, "ఎంత కారింది బాబాయ్ గారూ?" అని అడుగుతారు. కార్డు అమ్మేవాడు పావుగ్లాసు. ఫ్లాటు అమ్మేవాడు గ్లాసు. "ఈ సాయంత్రానికి మీ కరెంటు కట్ చేస్తాం" అనేవాడు ఒక చెంబు.

ఆ నీళ్ళు పారబొయ్యడం రూతుకి ఇష్టముండదు. పెరట్లో పళ్ళేల్లో ఎండబెట్టి ఉప్పు తీసేది. ఇంటి కూరల్లో మాత్రం వేసేది కాదు. గిలకలదిండి నుంచి వచ్చే చేపల వీరదుర్గ పట్టుకుపోయేది.

"మీ ఉప్పు పట్టిన చేపకి పురుగు పట్టదు పిన్నిగారూ," అనేది వీరదుర్గ. "పురుక్కి కూడా అసయ్యమే కామోసు."

ఒకసారి ఒక పాలసీలవాడు మధ్యాహ్నం కునుకు వేళ ఆరోసారి ఫోను చేస్తే, రూతు విసుగొచ్చి గ్లాసుడు నీళ్ళు తిరిగి ఆ చిల్లుల్లోనే పోసేసింది. ఒక్క చుక్క కింద పడలేదు. అవతలవాడు ఉక్కిరిబిక్కిరై దగ్గి, "ఏయ్, ఈ నీళ్ళెక్కడివిరా, సిస్టమంతా తడిసిపోయింది!" అని పక్కవాణ్ణి తిడుతున్నాడు. రూతు రిసీవరు పెట్టేసి పడుకుంది. గోడవతల ఉండే పాండురంగ ఈ సంగతి విని ఆ రోజంతా నవ్వాడు.

పాండురంగ కలెక్టరాఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. ఆయన భార్య సత్యవేణి జిల్లా పరిషత్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. మూడు తరాలుగా ఇటు గుమాస్తాలు, అటు పంతుళ్ళు. పిల్లల్లేరు. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ మీంచి సామ్యేలు ఒక తీగ లాగి పాండురంగ గదిలో ప్యారలల్ ఫోను పెట్టాడు. అది మామూలు ఎర్ర ఫోను, దాంట్లోంచి ఏమీ కారదు. రెండిళ్ళవాళ్ళూ ఒకేసారి ఎత్తితే ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినిపిస్తుంది. లోన్లవాళ్ళ అబద్ధాలు వింటూ నవ్వుకోవడానికి పాండురంగ అది పెట్టించుకున్నాడు.

ఆ ఇంట్లో ఒక నమ్మకం ఉండేది. మనిషి అబద్ధం చెప్పొచ్చు గానీ, నంబరూ తేదీ వేసిన కాయితం చెప్పదు. ఆఫీసు ఫైలు మీద వేసే ఆర్‌సీ నంబరు, గీత, సంవత్సరం, సెక్షను అక్షరం, తేదీ. ఇవి వరసలో ఉంటే పాండురంగ చదవకుండానే సంతకం పెట్టేవాడు. లేకపోతే సాక్షాత్తూ మంత్రిగారి ఉత్తరమైనా తిప్పి పంపేవాడు. పెళ్ళైన కొత్తలో సత్యవేణి పుట్టింటికి రాసిన ఉత్తరాల మీద కూడా ఆయన నంబరు వేశాడని చెప్పుకుని నవ్వుకునేవారు.

ఆ బుధవారం పాండురంగ ఊళ్ళో లేడు. గుడివాడలో చెల్లెలికి కంటి ఆపరేషనైతే మూడు రోజులు ఉండి రావడానికి ముందురోజే బస్సెక్కాడు.

పదకొండు దాటాక, జల్లు వెలిసింది. సామ్యేలు చేతిలో రిసీవరుంది, లాటరీవాడు ధారగా పోస్తున్నాడు. అప్పుడు సత్యవేణి గోడ దగ్గరికి వచ్చింది. భుజాన తువ్వాలు. జుట్టు మాత్రం పొడిగానే ఉంది.

"అన్నయ్య గారూ, ఒక్కమాట."

"చెప్పండి టీచర్ గారూ," అన్నాడు సామ్యేలు, ఒక కన్ను తపేలా మీదే ఉంచి.

"ఆర్డరు మీద నంబరూ తేదీ అన్నీ సరిగ్గా ఉంటే... అది అబద్ధమయ్యే అవకాశం ఉందంటారా?"

"మీ ఆయన్ని అడగాల్సిన మాట నన్ను అడుగుతున్నారేంటండీ!" నవ్వాడు సామ్యేలు. "గవర్నమెంటు నంబరు పడ్డాక అబద్ధం ఎట్టా అవుద్ది? నిజమే అయ్యుంటది."

"అంతేలెండి," అంది సత్యవేణి. ఇంకేదో అడగబోయి, చేతి గడియారం చూసుకుని, గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

"ఏంటంట?" అని రూతు లోపల్నుంచి అడిగింది.

"ఏదో పెన్షను కాయితం అయ్యుంటది," అన్నాడు సామ్యేలు. తపేలా నిండింది. మార్చాడు.

శుక్రవారం ఉదయం పాండురంగ గుడివాడ నుంచి దిగాడు. తలుపు లోపల గడియపెట్టి ఉంది. సామ్యేలు వెనక కిటికీ ఊచలు ఊడదీసి లోపలికి దూకాడు. సత్యవేణి బల్ల పక్కన నేల మీద పడి ఉంది. బల్ల మీద బియ్యం డబ్బాకి ఆనించి సెల్‌ఫోను, దాని ముందు తెల్లకాయితాల మీద ఆవిడ గుండ్రటి చేతిరాతలో నంబర్లు, తేదీలు, సెక్షన్లు. చేతులున్న టేకు కుర్చీ గోడవారకి జరిపి ఉంది. పాదాలు రెండూ నీరుపట్టి, చీలమండల దగ్గర చర్మం మెరుస్తోంది.

డాక్టరు గుండె ఆగిందన్నాడు. పోలీసులు సెల్‌ఫోను చూసి, ఢిల్లీ ఇన్‌స్పెక్టర్లమని వీడియోలో బెదిరిస్తారనీ, మీ పేరు మీద పార్సిల్లో మత్తుమందు దొరికిందంటారనీ, గదిలోంచి కదలకూడదు, ఎవరికీ చెప్పకూడదంటారనీ, దానికి డిజిటల్ అరెస్టని పేరనీ చెప్పారు. ఆవిడ రిటైర్మెంటు డబ్బు గురువారం మధ్యాహ్నమే పోయింది. పాండురంగ దాని గురించి ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన అడిగింది ఒకటే.

"కుర్చీ ఉంది కదండీ. మరి కాళ్ళెందుకు వాచినయ్యి?"

జవాబు అందరికీ తెలుసు. అధికారి ఎదుట ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ కూర్చోలేదు.

సెల్‌ఫోనులో ఆవిడ అలవాటుగా పెట్టుకున్న రికార్డింగు ఉంది. కర్మకాండ అయ్యాక పాండురంగ దాన్ని వినడం మొదలుపెట్టాడు. ఉదయం కాఫీ వేళ, సాయంత్రం దీపం వేళ. తెలుగు మాట్లాడే కుర్రగొంతు. "నేను ఇన్‌స్పెక్టర్ శశాంక్. లేచి నిలబడండి మేడమ్." మొదటి పావుగంట మాత్రమే రికార్డయింది. ఆ పావుగంటనే ఆయన విన్నాడు, మళ్ళీ విన్నాడు. భార్య నంబరు మూసెయ్యలేదు. ఆ నంబరుకి వచ్చే ఫోన్లన్నీ సామ్యేలు ఇంటి నల్లఫోనుకి మళ్ళేలా సామ్యేలు చేతనే పెట్టించాడు.

"వాళ్ళు మళ్ళీ చేస్తారు," అన్నాడు. "ఒకసారి పడ్డ చెరువులో మళ్ళీ వలేస్తారు."

సామ్యేలు తల ఊపాడు. ఈ నెలరోజుల్లో ఆయనకి అన్నం సయించడం లేదు. తువ్వాలూ, పొడిజుట్టూ, గడియారం చూసుకున్న చూపూ, తన నవ్వూ గుర్తొస్తూనే ఉన్నాయి. చెప్పాలనుకున్నాడు. ఆదివారం ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉండగా చెప్పాలనుకున్నాడు, గోడ దగ్గర పళ్ళు తోముకుంటూ చెప్పాలనుకున్నాడు. చెప్పలేదు.

డిసెంబరులో ఒకరోజు పాండురంగ గోడవతల నుంచి కేకేశాడు. "సామ్యేలు గారూ, ఒకసారి ఫోనెత్తండి."

మూడడుగుల దూరంలో ఉన్న మనిషి ఫోన్లో ఎందుకు మాట్లాడాలో సామ్యేలుకి అర్థం కాలేదు. ఎత్తాడు.

"ఆ బుధవారంనాడు మా ఆవిడ మిమ్మల్నేమన్నా అడిగిందా?"

రూతు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"లేదండీ," అన్నాడు. "ఏమీ అడగలా."

చిల్లుల్లోంచి నీళ్ళు ఆయన గడ్డం మీదుగా మెడలోకి, బనీను మీదికి, కింద గిన్నెలోకి కారాయి. నలభై ఏడేళ్ళలో ఆ ఫోన్లో తన నీళ్ళు అవే మొదటిసారి. అవతల ఎర్రఫోను పెట్టేసిన చప్పుడైంది. ఎర్రఫోనులోంచి ఏమీ కారదు, నిజమే. కానీ గోడ ఎత్తు ఎంతని? కిటికీలోంచి చూస్తే ఈ బల్లా, ఈ గిన్నే కనిపిస్తూనే ఉంటాయి.

ఆ సాయంత్రం రూతు గిన్నె తీసుకెళ్ళి పాండురంగ డ్రమ్ములో పోసింది.

డ్రమ్ముల సంగతేమిటంటే, నవంబరులోనే పాండురంగ రూతుని అడిగాడు. "అమ్మా, ఇకనుంచీ ఆ నీళ్ళు ఎండబెట్టకండి. నాకివ్వండి." రెండు నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు కొని సామ్యేలు ఇంటి కిటికీ పక్క అరుగు మీద పెట్టించాడు. కాలనీ మొత్తం మీద రోజుకి మూడు నాలుగు చెంబుల అబద్ధాలు తేలిగ్గా వస్తాయి. సంక్రాంతి ఆఫర్ల రోజుల్లో ఇంకా ఎక్కువ. జనవరి ఆఖరికి రెండూ అంచులదాకా నిండాయి. వీరదుర్గ ఉప్పు దొరక్క వేరేచోట కొనుక్కుంది, చేప పురుగుపట్టిందని గొణిగింది. పాండురంగ డ్రమ్ములకి కుళాయిలు బిగించి, కుళాయిలకి తోటపైపు తగిలించి, దాని కొసకి గరాటు పెట్టాడు. పైపు జారకుండా గోడకి క్లిప్పులు కొట్టింది సామ్యేలే. ఏ పనికో అడగలేదు. ఒక గ్లాసుడు నీళ్ళకి అవతలివాడు ఉక్కిరిబిక్కిరైన సంగతి ఇద్దరికీ గుర్తుంది.

2025 ఫిబ్రవరి 11, మంగళవారం. మంచు విడిచింది, ఎండ పల్చగా ఉంది, గాలి లేదు. పదిన్నరకి నల్లఫోను మోగింది.

"హలో... సత్యవేణి..." అవతలి గొంతు ఆగింది. ఒక మనిషి నీళ్ళల్లో మునిగి లేచేంతసేపు ఆగింది. "...గారి ఇల్లేనా? నేను ఇన్‌స్పెక్టర్ శశాంక్. మేడమ్ కేసులో కొంత డబ్బు వెనక్కి వచ్చేది ఉంది."

అదే గొంతు. గోడవతల ఎర్రఫోను కిందపడ్డ చప్పుడైంది. పాండురంగ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొస్తున్నాడు.

చిల్లుల్లోంచి నీళ్ళు మొదలయ్యాయి. సామ్యేలు అలవాటుగా చిటికెనవేలు పెట్టి నాలుక మీద వేసుకున్నాడు.

ఉప్పు లేదు.

మళ్ళీ చూశాడు. ఒండ్రుమట్టి వాసన, గుర్రపుడెక్క పసరు, జూలైలో కాలవలకి వదిలిన కొత్తనీటి రుచి. ఆ నీళ్ళు తాగి పెరిగినవాడు ఏ ఊళ్ళో ఉన్నా గుర్తుపడతాడు. ఇన్నేళ్ళలో ఈ ఫోను తియ్యటినీళ్ళు ఇవ్వడం ఇదే మొదలు. చెప్పేది అబద్ధమే, కానీ ఆ అబద్ధం ఆ నోటిది కాదు. అది సామ్యేలుకి నాలుక మీదే తెలిసింది.

"ఏ ఊరు బాబూ నీది?"

"ఢిల్లీ సార్. నేను ఇన్‌స్పెక్టర్ శశాంక్, మీరు లైన్లోనే ఉండాలి, నా పక్కన మా సీనియర్లు ఉన్నారు." ధారగా తియ్యటినీళ్ళు. "లైన్లోనే ఉండండి సార్. పెట్టెయ్యకండి సార్." ఆ చివరిమాటకి ఒక్క చుక్క కూడా రాలేదు.

పాండురంగ కిటికీలోంచి పైపు లాగి గరాటు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఇటివ్వండి."

"పాండురంగ గారూ, ఆగండి. ఒకసారి రుచి చూడండి. తియ్యగా ఉన్నయ్యి. ఈ కుర్రాడెవడో మనవాడు. దివిసీమవాడు. వీడి చేత చెప్పిస్తున్నారు."

"తియ్యగా ఉంటే?" పాండురంగ గొంతు పెంచలేదు. ఆఫీసులో ఫైలు తిప్పి పంపేటప్పటి గొంతు. "తియ్యగా ఉంటే సత్యవేణి లేచొస్తుందా? వాడి వెనకాల ఉన్నారు కదా చెప్పించేవాళ్ళు. వాళ్ళవి ఉప్పగానే ఉంటాయి. ఇటివ్వండి."

"అక్కడ వీడొక్కడే ఉండడండీ!"

"మా ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంది."

సామ్యేలు రిసీవరుని గుండెకి హత్తుకున్నాడు. కాదనొచ్చు. డెబ్బై ఏళ్ళవాడైనా స్తంభాలెక్కిన చేతులు, గుమాస్తా చేతుల్ని ఆపగలవు. కానీ పాండురంగ ఆయన కళ్ళల్లోకి చూస్తున్నాడు, డిసెంబరులో అడిగిన ప్రశ్నే మళ్ళీ అడుగుతున్నట్టు. సామ్యేలు రిసీవరుని గుండె మీంచి తీశాడు. ఆయనకి దొరికింది ఒక్క మాటకి సమయం. రిసీవరు నోటి దగ్గర పెట్టుకుని అడిగాడు.

"బాబూ, ఈత వచ్చా నీకు?"

అవతల్నుంచి ఇన్‌స్పెక్టరు గొంతు కాని గొంతు. "వచ్చండీ."

"అయితే కిటికీ దగ్గరికి పో. ఇప్పుడే. దేన్నన్నా గట్టిగా పట్టుకో."

పాండురంగ రిసీవరు లాక్కుని, గరాటు ఆనించి, "తిప్పమ్మా" అన్నాడు. అరుగు మీద రూతు ఉంది. కుళాయి దగ్గర చెయ్యి పెట్టి భర్త వైపు చూసింది. భర్త తల వంచుకున్నాడు. రూతు కుళాయి తిప్పింది.

మొదటి డ్రమ్ము ఖాళీ కావడానికి ఇరవై నిమిషాలు పట్టింది, రెండోదానికీ అంతే. ఒక్క చుక్క నేల మీద పడలేదు. మొదట్లో కేకలు వినిపించాయి, ఏవేవో భాషలు. తర్వాత బల్లలు గుద్దుకున్న చప్పుడు. తర్వాత సామ్యేలు 1977లో దివిసీమలో విన్న చప్పుడు, మనుషులు లేని చోట నీళ్ళు కదిలే చప్పుడు. పాండురంగ ఆఖరిదాకా గరాటు వదల్లేదు.

బందరు రేవు నుంచి ఒకప్పుడు కలంకారీ గుడ్డలు తూర్పుదేశాలకి ఓడల్లో పోయేవని పెద్దలు చెప్పేవారు. గుడ్డ పోయింది, ఓడ పోయింది, రేవు పూడింది. ఇప్పుడు అదే దిక్కుకి డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు కుర్రాళ్ళని విమానాల్లో పంపుతున్నారు. అలా వెళ్ళినవాడు అనుదీప్. నాగాయలంక అవతల రొయ్యల చెరువుల దగ్గరి పల్లె. ఏప్రిల్ మొదటివారంలో ఒక ఉదయం, ఫోన్లో సత్యవేణి చెప్పగా గుర్తున్న అడ్రసు వెతుక్కుంటూ ఎన్జీవో కాలనీకి వచ్చాడు. పాతికేళ్ళు ఉండవు. ఎడమచెవి వినపడదు, దాంట్లోంచి అప్పుడప్పుడూ ఉప్పు రాలుతుంటే చిటికెనవేలితో తుడుచుకుంటున్నాడు.

రూతు మంచినీళ్ళిచ్చింది. పాండురంగ గోడ దాటి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అడక్కుండానే కుర్రాడు చెప్పాడు.

"నాలుగో అంతస్తండీ. సముద్రానికి నాలుగొందల మైళ్ళు. పాస్‌పోర్టు లాక్కుని కూర్చోబెట్టేవాళ్ళు. తెలుగోళ్ళకి తెలుగువాళ్ళ చేత, తమిళోళ్ళకి తమిళవాళ్ళ చేత ఫోన్లు చేయించేవాళ్ళు. మాటల్లో తేడా వస్తే కరెంటు పెట్టేవాళ్ళు. ఆరోజు నీళ్ళు నా హెడ్‌ఫోన్లోంచే వచ్చినయ్యి. నేను ఏసీ కన్నం ఊచ పట్టుకుని ఊడబెరికాను. తలుపులు బయట్నుంచి తాళమండీ."

"ఎంతమంది?" అన్నాడు సామ్యేలు.

"ఆ హాల్లో నలభై ఒక్కమంది. సూపర్‌వైజర్లు ఆరుగురు. ఐదుగురం బయటపడ్డాం." చెవి తుడుచుకున్నాడు. "నా పక్క సీటువాడిది రాజస్థానండీ. మా ఊళ్ళో చెరువే లేదు అనేవాడు."

రూతు కొంగు నోట్లో కుక్కుకుంది. పాండురంగ మొహంలో ఏమీ మారకుండానే అడిగాడు.

"మా ఆవిడ నీతో ఏం మాట్లాడింది?"

అనుదీప్ తల దించుకున్నాడు.

"రెండోరోజు మధ్యాహ్నం 'బాబూ, నువ్వు భోంచేశావా' అన్నారండీ. నేను ఆగిపోయాను. దానికి నన్ను కొట్టారు. సాయంత్రం 'కాళ్ళు లాగుతున్నయ్యి, కూర్చోవచ్చా' అన్నారు. వెనకాల వాడు నిలబడి ఉన్నాడు. కూడదు మేడమ్ అన్నాను. ఇంకోసారి అడిగారు. కూడదన్నాను. మూడోసారి అడగలేదండీ. తెరలో కుర్చీ వీపు ఒక్కటే కనపడింది. ఫ్రేములోకి రండి మేడమ్, ఫ్రేములోకి రండి అని అరగంట అన్నాను."

కాలనీలో ఎక్కడో కుక్కరు కూసింది.

"ఆవిడ నిన్ను నమ్మిందా?" అన్నాడు పాండురంగ. "లెక్కల టీచరు. ఎట్లా నమ్మింది?"

"మొదట్రోజు నమ్మలేదండీ. స్నానానికి పది నిమిషాలు ఇచ్చాం. తిరిగొచ్చి నిలబడి, 'ఇక మీరు ఎలా చెబితే అలాగే సార్. మా పక్కింటి అన్నయ్యగారిని అడిగాను. నంబరూ తేదీ ఉంటే నిజమే అన్నారు' అన్నారు. ఆ తర్వాత మేం చెప్పినదల్లా రాసుకున్నారు."

కుర్రాడికి పక్కింటి అన్నయ్యగారెవరో తెలీదు. ఎదురుగా కూర్చున్న ముసలాయనకి కృతజ్ఞతగా నమస్కారం పెట్టాడు. "మీరే కదండీ ఈతొచ్చా అనడిగింది."

సామ్యేలు ఆ నమస్కారం పుచ్చుకోలేక బల్ల మీది గిన్నెకేసి చూశాడు. అది ఖాళీగా ఉంది. ఆ ఫిబ్రవరి మంగళవారం నుంచీ ఖాళీగానే ఉంటోంది. ఎవరెన్ని అబద్ధాలు చెప్పినా ఫోను ఒక్క చుక్క కార్చడం లేదు. కాలనీవాళ్ళు కొన్నాళ్ళు "ఎంత కారింది బాబాయ్ గారూ" అని అడిగి, మానేశారు.

పాండురంగ లేచాడు. గోడ దాటబోతూ ఆగి, వెనక్కి తిరక్కుండా అన్నాడు. "డిసెంబరులోనే తెలుసు సామ్యేలు గారూ. కిటికీలోంచి కనపడింది. మీరే చెబుతారేమోనని చూశాను."

సామ్యేలు నోరు తెరిచేసరికి గోడవతల తలుపు వేసుకున్న చప్పుడు వచ్చింది.

2025 ఆగస్టు 30, శనివారం, ముసురు. పాండురంగ నిద్రలోనే పోయాడు. గుడివాడ నుంచి చెల్లెలి కూతురు శ్రీలలిత వచ్చి బీరువా తీస్తే వీలునామా పైనే ఉంది. తెల్లకాయితం మీద ఆర్‌సీ నంబరు, సంవత్సరం, తేదీ, కింద వరస నంబర్లు. పదిహేనో రోజున అందరినీ కూర్చోబెట్టి ఆవిడే చదివింది.

ఒకటి, ఇల్లు శ్రీలలితకి. రెండు, సత్యవేణి లెక్కల పుస్తకాలూ నల్లబల్లా జిల్లా పరిషత్ స్కూలుకి. మూడు, చేతులున్న టేకు కుర్చీ నాగాయలంక అనుదీప్‌కి, కూర్చోవడానికి. నాలుగు, నీలం డ్రమ్ములు రెండూ రూతమ్మ గారికి, మంచినీళ్ళకి మాత్రమే. అనుదీప్ వ్యాను మాట్లాడుకొచ్చి కుర్చీ పట్టుకెళ్ళాడు. వ్యాను వెనక దాని పక్కనే నిలబడి వెళ్ళాడు గానీ దాంట్లో కూర్చోలేదు. వీరదుర్గ తన పేరు ఉంటుందేమోనని చివరిదాకా కూర్చుని, లేకపోయేసరికి చేపబుట్ట నెత్తికెత్తుకుంది.

"ఐదో నంబరు కూడా ఉందండీ," అంది శ్రీలలిత, కాయితం సామ్యేలు వైపు తిప్పుతూ. చదవడానికి ఆవిడకి మొహమాటంగా ఉంది.

సామ్యేలు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. కలెక్టరాఫీసు గుండ్రటి చేతిరాత. ఐదు, శ్రీ సామ్యేలు గారు, లైన్‌మన్. దాని ఎదురుగా, ఆఫీసుల్లో ఇవ్వవలసిందేమీ లేనప్పుడు ఖాళీ వదలకుండా రాసే మాట.

నిల్.

కింద సంతకం, నంబరు, తేదీ, అన్నీ సరిగ్గా ఉన్నాయి.